లాంబార్డులు నిజంగా స్కాండినేవియా నుంచే వచ్చారా?

మీ ప్రశ్న సారాంశం ఇది: 568లో ఇటలీలోకి దిగిన లాంబార్డులు (లాటిన్‌లో లాంగోబార్డులు) తమ పూర్వీకులు స్కాండినేవియా నుంచి వచ్చారని చెప్పుకున్నారు. డీఎన్‌ఏ పరీక్షల్లో కూడా వాళ్లకు ఉత్తరాది మూలం ఉందని తేలినట్టు మీరు ఒక వీడియోలో విన్నారు. అంటే ఆ కథ రుజువైనట్టేనా, వాళ్లంతా ఒకే రక్తం వారేనా అని అడిగారు.

సూటిగా చెబుతాను. రుజువు కాలేదు. లాంబార్డుల గురించి మనకు గట్టి ఆధారం దొరికే తొలి చోటు నేటి ఉత్తర జర్మనీలోని ఎల్బే నది దిగువ ప్రాంతం. కాలం క్రీస్తు శకం తొలి సంవత్సరాలు. అక్కడి ఒక చిన్న తెగ పేరు అయిదున్నర శతాబ్దాల తర్వాత ఇటలీకి చేరింది. ఆ పేరు వెంట కొన్ని కుటుంబాలు కూడా తరతరాలుగా నడిచి వచ్చి ఉండవచ్చు. కానీ దారి పొడవునా ఆ పేరు కిందికి కొత్తవాళ్లు వచ్చి చేరుతూనే ఉన్నారు. ఇటలీలో అడుగుపెట్టే నాటికి ఒక రాజు వెంట నడిచే సైన్యానికి, ఆ సైన్యం పాటించే ఆచారానికి అది పేరుగా మారింది. ఒకే వంశం అనే మాట ఆ దశలో అసలు పొసగదు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఉత్తర ఇటలీలో 6, 7 శతాబ్దాల సమాధుల తవ్వకాల్లో పనిచేస్తున్నాను. మట్టిలోంచి వచ్చిన లోహపు వస్తువులను శుభ్రం చేసి, కొలిచి, నమోదు చేయడం నా పని. అందుకని కొంత రాతల వైపు నుంచి, కొంత సమాధుల వైపు నుంచి చెబుతాను.

ముందు వాళ్ల కథ వినండి

7వ శతాబ్దంలో రాసిన "ఒరిగో గెంటిస్ లాంగోబార్డోరుమ్" అనే చిన్న లాటిన్ రచన ఒకటి ఉంది. "లాంగోబార్డుల పుట్టుక" అని అర్థం. దాని ప్రకారం, ఉత్తరాన స్కాడనన్ అనే ద్వీపంలో విన్నిలి అనే జనం ఉండేవారు. గంబారా అనే స్త్రీ, ఆమె ఇద్దరు కొడుకులు ఇబోర్, అగియో వాళ్లను ఏలుతుండేవారు. వాండల్ నాయకులు వచ్చి కప్పం కట్టండి, లేదా యుద్ధానికి రండి అన్నారు. వాండల్స్ గోదాన్ దేవుణ్ణి గెలుపు కోరారు. సూర్యోదయాన నేను ముందుగా ఎవరిని చూస్తానో వాళ్లకే విజయం అన్నాడాయన. గంబారా మాత్రం గోదాన్ భార్య ఫ్రేయాను ఆశ్రయించింది. మీ ఆడవాళ్లు కూడా జుట్టు విరబోసుకుని, గడ్డాల్లా కనిపించేటట్టు ముఖం చుట్టూ సర్దుకుని, మగవాళ్లతో కలిసి రావాలని ఫ్రేయా చెప్పింది. తెల్లవారుతుండగా భర్త పడుకున్న మంచాన్ని తూర్పు వైపు తిప్పి ఆయన్ని లేపింది. ఆయన కళ్లు తెరిచి, "ఈ పొడుగు గడ్డాలవాళ్లు ఎవరు?" అన్నాడు. "పేరు పెట్టింది మీరే కదా, గెలుపు కూడా మీరే ఇవ్వండి" అంది ఫ్రేయా. ఆ రోజు నుంచి విన్నిలి జనం లాంగోబార్డులయ్యారు.

ఈ కథంటే నాకు చాలా ఇష్టం. క్రైస్తవ మతం పుచ్చుకుంటున్న ఒక రాజ్యంలో, లాటిన్‌లో, గోదాన్ పేరు ఇంత బాహాటంగా రాసిపెట్టారంటే ఇది జనం నోట నిలిచిన పాత కథే అయి ఉండాలి. గోదాన్ అంటే స్కాండినేవియా సాహిత్యంలోని ఓడిన్ దేవుడే; ఆయనకు ఉన్న అనేక పేర్లలో "లాంగ్‌బార్డ్" కూడా ఒకటి. అంటే పొడుగు గడ్డం దేవుడి గుర్తు, ఆ దేవుణ్ణి కొలిచేవాళ్ల గుర్తు కూడా. పేరు పుట్టుక గురించి ఈ కథ చెప్పేదానిలో ఎంతో కొంత పాత జ్ఞాపకం ఉందని నేను నమ్ముతాను.

అయితే పేరు పాతదైనంత మాత్రాన ద్వీపం కూడా నిజమని అనుకోకూడదు. లాంబార్డు వంశీయుడే అయిన పౌలుస్ డయాకోనుస్ 8వ శతాబ్దం చివర తన జాతి చరిత్ర రాస్తూ, ఈ గోదాన్ కథను నవ్వుకోదగ్గ కట్టుకథ అని తేల్చేశాడు. ద్వీపాన్ని మాత్రం వదల్లేదు. జనం పెరిగిపోయి, చీట్లు వేసి, మూడో వంతు మందిని బయటికి పంపారని రాశాడు. ఇంచుమించు ఇదే చట్రం అంతకు రెండు శతాబ్దాల ముందే గోతుల చరిత్రలో ఉంది. 551 ప్రాంతంలో యోర్దానెస్ గోతుల గురించి రాస్తూ స్కాండ్జా ద్వీపాన్ని జాతులను కనే గర్భం అన్నాడు. రోమ్ సామ్రాజ్యపు నేల మీద కొత్తగా రాజ్యం కట్టుకున్నవాళ్లకు రోమ్‌తో తూగగల ప్రాచీనత కావాలి. రోమన్లు తమ పూర్వీకులు ట్రాయ్ నగరం నుంచి వచ్చారని చెప్పుకునేవారు కదా. అలాంటి దూరపు పుట్టుక తమకూ ఉందని చూపడానికి ఉత్తరాది ద్వీపం బాగా పనికొచ్చింది. వేరువేరు జాతులవాళ్లు ఒకే చోటును పుట్టిల్లుగా చెప్పుకుంటుంటే నేను ఆ చోటును కాస్త అనుమానంగానే చూస్తాను.

రోమన్లు చూసి రాసింది

ఇక్కడి నుంచి నేల గట్టిపడుతుంది. క్రీ.శ. 5లో రోమన్ సేనాని తిబెరియుస్ ఎల్బే దాకా నడిపిన దండయాత్రలో వెల్లెయుస్ పాతెర్కులుస్ స్వయంగా పాల్గొన్నాడు. లాంగోబార్డులను ఓడించామని, వాళ్లు జర్మన్ల క్రూరత్వాన్ని కూడా మించిన క్రూరులని రాశాడు. భూగోళకర్త స్ట్రాబో వాళ్లను స్వేబీ అనే జర్మన్ తెగల సమూహంలో ఒక భాగంగా లెక్కించాడు. 98లో రోమన్ చరిత్రకారుడు తాసితుస్ రాసిన మాట మరీ విలువైనది. లాంగోబార్డుల గొప్పతనం వాళ్ల సంఖ్య తక్కువ కావడంలోనే ఉందని, చుట్టూ బలమైన తెగలున్నా ఎవరికీ తలవంచకుండా పోరాడుతూ బతుకుతున్నారని అంటాడు.

ఈ "సంఖ్య తక్కువ" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. కొద్దిమందే ఉన్న తెగ ఇటలీలో సగాన్ని ఆక్రమించే స్థాయికి పెరగాలంటే ఇంట్లో పుట్టిన పిల్లలతోనే అది జరగదు. బయటివాళ్లను కలుపుకోవాలి.

లూనెబుర్గ్ పరిసరాల్లో బార్డోవిక్ అనే ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని మధ్యయుగాల్లో బార్డెన్‌గౌ అనేవారు. చాలామంది పండితులు ఆ పేర్లను లాంగోబార్డులతో ముడిపెడతారు. ఆ ప్రాంతంలో ఆ కాలపు పెద్ద పెద్ద శ్మశానాలు బయటపడ్డాయి. అయితే వాళ్లు శవాలను కాల్చి, బూడిదను కుండల్లో పెట్టి పాతిపెట్టారు. మీ డీఎన్‌ఏ ప్రశ్నకు అసలు అడ్డంకి ఇక్కడే ఉంది. అంతగా కాలిన ఎముకలో డీఎన్‌ఏ మిగలదు. 1వ శతాబ్దపు ఎల్బే లాంగోబార్డు డీఎన్‌ఏను, 6వ శతాబ్దపు ఇటలీ లాంబార్డు డీఎన్‌ఏను పక్కపక్కన పెట్టి పోల్చాలంటే మొదటిది మన చేతిలో లేదు. అదే లేనప్పుడు ఇంకా వెనక్కి, స్కాండినేవియా దాకా గీత ఎలా గీస్తాం?

166 ప్రాంతంలో ఆరు వేలమంది లాంగోబార్డులు, ఒబీలు అనే మరో తెగ కలిసి డాన్యూబ్ నది దాటి పన్నోనియాలోకి (నేటి పశ్చిమ హంగరీ ప్రాంతంలోని రోమన్ రాష్ట్రం) చొరబడి దెబ్బతిన్నారు. ఆ తర్వాత రాతల్లో మూడు వందల ఏళ్లకు పైగా మౌనం. "ఒరిగో" ఆ ఖాళీని అంథైబ్, బంథైబ్, బుర్గుండైబ్ అనే ప్రాంతాల పేర్లతో నింపుతుంది. వాటిని పటంలో గుర్తించడానికి ఎందరో ప్రయత్నించారు, ఏదీ నిలబడలేదు. 488 తర్వాత, ఇటలీని ఏలుతున్న ఒడోవాకర్ రుగీలు అనే తెగ రాజ్యాన్ని నాశనం చేశాక, ఖాళీ అయిన ఆ నేలలో, అంటే నేటి ఆస్ట్రియాలో డాన్యూబ్‌కు ఉత్తరాన, లాంగోబార్డులు మళ్లీ ప్రత్యక్షమయ్యారు. 166 ప్రాంతంలో కనిపించినవాళ్లకు వీళ్లు మనవలేనా? పేరు ఒకటే. అంతవరకు మాత్రమే ఖాయంగా చెప్పగలం.

జనం పెరిగింది పన్నోనియాలో

నన్నడిగితే లాంబార్డుల అసలు పుట్టుక ఎల్బే తీరం కంటే, ద్వీపం కంటే, 6వ శతాబ్దపు డాన్యూబ్ మధ్యభాగంలోనే ఎక్కువగా ఉంది. 508 ప్రాంతంలో రాజు తాతో పొరుగు తెగ హెరూలులను చిత్తుగా ఓడించాడు. ఆయన తర్వాత రాజైన వాఖో డాన్యూబ్ దక్షిణానికి విస్తరించాడు. తర్వాతి రాజు ఆవుడోయిన్ కాలంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ పన్నోనియాలో కోటలు, భూములు, డబ్బు ఇచ్చాడు. 552లో ఆవుడోయిన్ రోమన్ సేనాని నార్సెస్‌కు సాయంగా 2,500 మంది యోధులను, వాళ్ల వెంట 3,000కు పైగా అనుచరులను పంపాడు. ఇటలీ దారులు, పంటలు, కోటలు వీళ్లు అప్పుడే చూశారు. 567లో ఆవుడోయిన్ కొడుకు అల్బోయిన్ తూర్పు నుంచి వచ్చిన ఆవారులనే సంచార జనంతో చేతులు కలిపి పొరుగు తెగ గెపిడులను తుడిచిపెట్టాడు. మరుసటి ఏడాదే ఇటలీ.

ఆ బయల్దేరినవాళ్లు ఎవరు? పౌలుసే చెబుతాడు: గెపిడులు, బల్గారులు, సర్మాతియన్లు, పన్నోనియన్లు, స్వేబీలు, నోరికులు. వాళ్లు ఉంటున్న ఊళ్లను ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలుస్తున్నామని కూడా రాశాడు. భార్యాబిడ్డలతో సహా ఇరవై వేలమంది సాక్సన్లు వెంట వచ్చారని కూడా చెబుతాడు. ఆ సాక్సన్ల సంగతి మీ ప్రశ్నకు నేరుగా జవాబు లాంటిది. తమ సొంత చట్టం ప్రకారం బతుకుతామని వాళ్లు అడిగితే లాంబార్డులు ఒప్పుకోలేదు. అందుకని సాక్సన్లు మూటాముల్లె సర్దుకుని వెనక్కి వెళ్లిపోయారు. చట్టాన్ని ఒప్పుకున్నవాడు లోపల ఉన్నాడు, ఒప్పుకోనివాడు బయటికి నడిచాడు. ఎవరి తాత ఎవరన్న మాట ఆ గొడవలో వినిపించదు.

643లో రాజు రోథారి పావియాలో చట్టాలన్నీ రాయించాడు. మొత్తం 388 అధికరణాలు. అందులో ఒకటి పరదేశుల గురించి: బయటి నుంచి వచ్చి మా రాజ్యంలో మా రక్షణలో ఉన్నవాళ్లు, మేము ప్రత్యేకంగా వేరే చట్టం అనుమతిస్తే తప్ప, లాంబార్డు చట్టం ప్రకారమే బతకాలి. 8వ శతాబ్దపు రాజు ల్యూట్‌ప్రాండ్ ఇంకో మెట్టు స్పష్టం చేశాడు. రోమన్ పురుషుడు లాంబార్డు స్త్రీని పెళ్లాడితే ఆమె రోమన్ అవుతుంది, పిల్లలు తండ్రి చట్టం ప్రకారం రోమన్లవుతారు. పెళ్లితో మారిపోయేదాన్ని రక్తం అని ఎలా అంటాం?

రోథారి తన చట్టాల ముందుమాటలో తనకు ముందున్న రాజుల వరస చెప్పి, తాను పదిహేడవవాడినని, ఫలానా కుటుంబం వాడినని రాయించాడు. "ఒరిగో" కూడా ఈ చట్టాల ప్రతులతో పాటే మనకు దక్కింది. పుట్టుక కథ, రాజుల వరస, చట్టం ఒకే కట్టలో ఉన్నాయన్నమాట. కొత్త ప్రజను ఒక తాటి మీదికి తేవడానికి ఆ మూడూ కలిసి పనిచేశాయి.

మరి డీఎన్‌ఏ ఏం చూపించింది?

మీరు విన్నది బహుశా 2018లో వెలువడిన పరిశోధన గురించే. హంగరీలో బలటోన్ సరస్సు దగ్గరి సోలాద్, ఇటలీలో టూరిన్ దగ్గరి కొల్లేన్యో అనే రెండు శ్మశానాల్లోని 63 మంది జన్యువులను చదివారు. రెండు చోట్లా రెండు రకాల మూలాలు కనిపించాయి. కొందరు నేటి ఉత్తర, మధ్య యూరప్ జనానికి దగ్గర. కొందరు దక్షిణ యూరప్ జనానికి దగ్గర. ఒక్కో శ్మశానంలో తరాల తరబడి విస్తరించిన పెద్ద కుటుంబం ఒకటి బయటపడింది. ఆయుధాలు, నగలు ఎక్కువగా ఉత్తరాది మూలం ఉన్నవాళ్ల సమాధుల్లో ఉన్నాయి. దక్షిణాది మూలం ఉన్నవాళ్లలో చాలామంది దాదాపు ఏమీ లేకుండా పడుకున్నారు.

ఇది గొప్ప ఫలితం. వలస అసలు జరగలేదని, అంతా పేరు మార్పేనని వాదించినవాళ్లకు ఇది గట్టి దెబ్బ. డాన్యూబ్ వైపు నుంచి మనుషులు నిజంగానే కుటుంబాలతో కదిలి వచ్చారన్నదానికి ఇది బలమైన మద్దతు. అయితే "ఉత్తర, మధ్య యూరప్" అంటే ఎంత పెద్ద ప్రాంతమో చూడండి. ఎల్బే తీరం, బొహేమియా, డెన్మార్క్, అన్నీ అందులోనే పడతాయి. స్కాండినేవియా ద్వీపం కథకు ఇది సాక్ష్యం కాదు. పైగా అదే శ్మశానంలో, అదే కాలంలో దక్షిణాదివాళ్లూ ఉన్నారు. వాళ్లను పక్కన పెట్టి మిగిలినవాళ్లే "అసలు లాంబార్డులు" అనడానికి మనకు హక్కు లేదు. రెండే శ్మశానాలన్న సంగతి కూడా మరవకండి. ఇటలీకి వచ్చినవాళ్లు లక్ష నుంచి లక్షన్నర మంది ఉంటారని సాధారణంగా వేసే అంచనా. వాళ్లందరి తరఫున ఈ 63 మంది మాట్లాడలేరు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పనిలో చేరిన రెండో ఏడాది ఒక స్త్రీ సమాధి వస్తువులు నా బల్ల మీదికి వచ్చాయి. వెండికి బంగారు పూత పూసిన విల్లు ఆకారపు బ్రోచీలు (బట్టకు గుచ్చుకునే నగలు) రెండు, ఎస్ అక్షరం ఆకారంలో చిన్నవి రెండు. అచ్చం పన్నోనియాలో దొరికే రకం. పెట్టె మీద "లాంబార్డు స్త్రీ" అని రాసి సంతకం పెట్టాను. మా పెద్దావిడ, ముప్పై ఏళ్లు సమాధుల్లోనే గడిపిన మనిషి, ఆ మాట కొట్టేసి "రెండు జతల బ్రోచీలున్న స్త్రీ" అని రాయించింది. "నీ చేతిలో ఉన్నది బ్రోచి. దాన్ని ఆమెకు తల్లి ఇచ్చిందో, అత్త ఇచ్చిందో, ఎక్కడ కొన్నారో నీకు తెలుసా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఏ పెట్టె మీదా నేను జాతి పేరు రాయలేదు. వస్తువు చూసి జాతిని చెప్పే పద్ధతిని 20వ శతాబ్దం మొదట్లో గుస్తాఫ్ కోసిన్నా జర్మనీలో ప్రచారం చేశాడు. ఆయన పోయాక నాజీలు దానితో పక్క దేశాల నేల తమదేనని వాదించారు. అందుకే ఈ జాగ్రత్త నాకు చాదస్తంలా అనిపించదు.

భాష సాక్ష్యం

లాంబార్డు భాషలో ఒక్క పూర్తి రచన కూడా మిగల్లేదు. చట్టాల్లోని మాటలు, మనుషుల పేర్లు, ఇటాలియన్‌లో కలిసిపోయిన పదాలే ఆధారం. ఆ పదాలు చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వీపుకు స్కియేనా, చెంపకు గ్వాన్చా, మోకాలి కింది ఎముకకు స్టింకో, వేలి కణుపుకు నొక్కా. రోజూ తాకే ఒంటి భాగాల పేర్లు! ఈ రెండు జనాలు ఎంత దగ్గరగా కలిసి బతికితే అలాంటి పదాలు చేతులు మారతాయో ఆలోచించండి.

కోరపంటికి ఇటాలియన్‌లో ద్జాన్నా అంటారు. అదీ లాంబార్డుల మాటే. పన్నును జర్మన్‌లో త్సాన్ అంటారు, డేనిష్‌లో మాత్రం టాన్. మొదటి ట శబ్దం "త్స"గా మారడం దక్షిణ జర్మన్ భాషల లక్షణం. లాంబార్డుల మాట ఆ వైపే ఉంది. దీన్ని చూపి స్కాండినేవియా కథ అబద్ధమని కొందరు అంటారు, అదీ తొందరపాటే. ఆ శబ్దమార్పు వాళ్లు దక్షిణానికి వచ్చాక ఇరుగుపొరుగు నుంచి అంటుకుని ఉండవచ్చు. భాష చెప్పేదల్లా 6వ శతాబ్దంలో వాళ్లు ఎవరి పక్కన బతికారన్నదే.

ఇటలీలో కూడా మార్పు ఆగలేదు

పౌలుస్ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన పేరా ఒకటుంది. 600 ప్రాంతంలో రాణి థియోడెలిండా మోన్జాలో కట్టించిన భవనం గోడల మీద లాంబార్డుల చిత్రాలు వేయించింది. ఆ బొమ్మలు చూసి పౌలుస్ వర్ణిస్తాడు: మెడ వెనక నున్నగా గొరిగించుకుని, ముందు జుట్టును నుదుటి మీద పాపిడి తీసి నోటి దాకా రెండు వైపులా వేలాడదీసేవారు, వదులైన నార బట్టలు, వాటికి రంగురంగుల వెడల్పాటి అంచులు, బొటనవేలి దాకా తెరిచి, తోలు తాళ్లతో కట్టే చెప్పులు. తన సొంత జాతివాళ్లు ఎలా ఉండేవారో తెలుసుకోవడానికి ఆ లాంబార్డు రచయిత గోడ మీది బొమ్మలు చూడాల్సి వచ్చింది! రెండు వందల ఏళ్లలోపే వేషం అంతగా మారిపోయింది. ఇప్పుడు ఆ బొమ్మలూ లేవు, ఆయన రాసిన వర్ణన ఒక్కటే మిగిలింది.

మీరు వచ్చే ఏడాది ఇటలీ వెళ్తున్నామని రాశారు కాబట్టి, వీలైతే ఫ్రియూలీలోని చివిదాలే ఊరికి వెళ్లండి. అల్బోయిన్ ఇటలీలో మొదట పట్టుకున్న పట్టణం అది, పౌలుస్ కుటుంబం ఊరు కూడా అదే. మ్యూజియంలో బంగారు రేకు శిలువలు ఉంటాయి. అరచేతిలో పట్టేంత చిన్నవి, కాగితమంత పలచనివి. చనిపోయినవారి ముఖం మీద కప్పే గుడ్డకు వాటిని కుట్టేవారు. కొన్నిటి మీద క్రైస్తవ శిలువ ఆకారంలోనే ఉత్తరాది పద్ధతిలో మెలికలు తిరిగిన జంతువుల బొమ్మలు అచ్చొత్తి ఉంటాయి. పన్నోనియాలో ఈ ఆచారం లేదు, ఇటలీకి వచ్చాకే మొదలైంది. అద్దానికి దగ్గరగా వంగి శిలువ చేతుల అంచులు చూడండి. సూది దిగిన సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. ఇలాంటి శిలువ మొదటిసారి నా భూతద్దం కిందికి వచ్చినప్పుడు రంధ్రాల మధ్య దూరం కొలిచాను. ఒక వైపు సమానంగా ఉంది, రెండో వైపు లేదు. కుట్టిన చెయ్యి ఎవరిదో, ఆమె ఏ భాషలో ఏడ్చిందో ఆ రంధ్రాలు చెప్పవు. ఆ పెట్టె మీద నేను "బంగారు రేకు శిలువ, ముఖం దగ్గర" అని మాత్రమే రాశాను.